దూడనిచ్చి తెచ్చిన రాతబల్ల

మా అమ్మ దాన్ని బల్ల అనదు, దూడ అంటుంది. "నీ దూడ మీద దుమ్ము పడిందిరా." "నీ దూడ అడ్డంగా ఉంది, సీపురు తిరగట్లేదు." పెరట్లో ఉన్న పెయ్యదూడను రావికమతం ఆసామికి అమ్మి ఆ డబ్బుతో బల్ల కొన్నాను కాబట్టి, ఆవిడ మాటలో తప్పు పట్టడానికి లేదు. దూడ పెరిగితే పాలిచ్చేది. బల్ల పెరగదు.

అప్పటికి నేను స్కూలు ఫైనలు తప్పి, గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివేసి, కథలు రాసి పత్రికలకు పంపుతూ, అవి తిరిగొస్తే పోస్టుమేను చేతిలోంచి ఎవరూ చూడకుండా అందుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. సంపాదకులందరూ కలిసి నా మీద కుట్ర పన్నారని కొన్నాళ్లు నమ్మాను. తర్వాత ఒక ఇంగ్లీషు పత్రికలో ఎవరో దొర రాసుకునే బల్ల బొమ్మ చూశాను. వెండి సిరాబుడ్డి, కొమ్ముపిడి కత్తి, ఇసుక గడియారం, అన్నీ వాళ్ల తాతలనాటివట. నాకు జ్ఞానోదయమైంది. లోపం నాలో లేదు. చాప మీద బోర్లా పడుకుని రాయడంలో ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జమీందారీలు రద్దయి, మా చోడవరంలో ఎస్టేటు కచేరీ మూసేసి సామాను వేలం వేశారు. శిస్తు వసూలు చేసే ఠాణేదారుగారి టేకు బల్ల, దాని మీద ఉండే జంట సిరాబుడ్ల ఇత్తడి దిమ్మ నాకు దక్కాయి. జమీందారీ వ్యవస్థను దుమ్మెత్తిపోస్తూ నేను రాసిన కథ ఒకటి అప్పటికే మూడు పత్రికల గుమ్మాలు చూసి వచ్చింది. ఆ కథను తెచ్చి ఈ బల్ల సొరుగులోనే పెట్టాను. ఇందులో ఏదో వైరుధ్యం ఉందని నాకు తోచనే లేదు.

ఇక అలంకరణ. మా ముత్తాతదని చెప్పుకోవడానికి బుచ్చయ్యపేటలో ఎవరి అటక మీదో దొరికిన, తాటాకుల మీద రాసే గంటం ఒకటి తెచ్చాను. అమ్మమ్మ సున్నపుకాయలో గుండుసూదులు పోశాను. నడవని గోడ గడియారాన్ని బల్ల మీద వెనక్కి వాల్చి నిలబెట్టాను. గింజలు కొలిచే ఇత్తడి తవ్వలో నెమలీకలు పెట్టాను. పొద్దున్నే అమ్మ వచ్చి, "ఈకలు తియ్యరా, బియ్యం కొలవాల" అనేది. కొలిచాక మళ్లీ తెచ్చి ఈకలు పెట్టేవాణ్ణి. నెల గడిచింది. బల్ల మీద వస్తువులు అటుదిటు, ఇటుదటు జరపడం తప్ప ఒక్క వాక్యం రాయలేదు.

అప్పుడు పరదేశి వచ్చాడు.

వీధి కిటికీలోంచి చూశాడట. చెప్పులు మెట్ల కింద విడిచి, నన్నడక్కుండానే లోపలికి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి బల్ల తుడవడం మొదలెట్టాడు. పొడుగ్గా, వెదురు గడలా ఉన్నాడు. తుడుస్తూ నా గడియారాన్ని కింద పెట్టేశాడు. నెమలీకల తవ్వను గుమ్మం దగ్గర పెట్టాడు.

"ఎవరు నువ్వు?" అన్నాను.

"ఈ బల్ల బంట్రోతుని బాబూ. ఎర్రసిరా ఎడం పక్కనుండాల. ఠాణేదారుబాబు సెయ్యి అటే ఎల్లిపోద్ది."

"ఠాణేదారుగారు లేరు కదా."

"ఆరు లేరు. బల్లుంది కదేటి" అని సిరాబుడ్లు మార్చేశాడు. రెండింట్లోనూ సిరా లేదు.

ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ బిడ్డ మాది కాదు పరాయివాడిది అని మృత్యువును మభ్యపెట్టడానికి వాళ్లమ్మ పరదేశి అని పేరు పెట్టిందట. మీసాలు రాని వయసులో ఆ బల్ల పక్కన నిలబడ్డాడు. కచేరీ మూసేదాకా నిలబడే ఉన్నాడు. చివరి రోజున నడుముకు కట్టే ఎర్ర పటకా, ఇత్తడి బిళ్ల తీసేసుకున్నారు. తర్వాత చెరుకు నరకడానికి పోతే, పూట గడవకుండానే మేస్త్రీ పంపేశాడట. "నిలబడ్డం తప్ప నీకేటి సేతనవునురా అన్నాడు బాబూ" అని పరదేశి చెప్పాడు. అందులో నింద ఉందని అనుకున్నట్టు లేదు. కాస్త గర్వంగానే చెప్పాడు. ఇంట్లో భార్య పైడితల్లి ఊడ్పులకు పోయి తెచ్చిందే తింటున్నారు.

ఆ రోజు నుంచి రోజూ వచ్చేవాడు. దుమ్ము తుడిచి, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. కూర్చోమంటే వినేవాడు కాదు. వీధిన పోయే రైతులు లోపల ఆ బల్ల, గుమ్మంలో ఆ మనిషి కనిపించేసరికి, అలవాటు కొద్దీ తలపాగా తీసి పోయేవారు. చీడికాడ నుంచి వచ్చిన ఒకాయన బెల్లం దిమ్మ బల్ల మీద పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. భూస్వామ్యం నశించాలని సొరుగులో ఉన్న కథలో నేనే రాశాను. ఆ సొరుగు మీద మోచెయ్యి ఆనించి ఆ బెల్లం తిన్నాను. బాగుంది.

"దూడ పాలియ్యడం మొదలెట్టిందేటిరా" అంది అమ్మ.

ఒక మధ్యాహ్నం పరదేశి గుమ్మం దగ్గర ఆగకుండా బల్ల దాకా వచ్చాడు. తాలూకా ఆఫీసుకు బంట్రోతులు కావాలట. పాత ఎస్టేటు నౌకర్లు కూడా అర్జీ పెట్టుకోవచ్చట. ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఇవ్వాలట.

"ఆఫీసు ముందే అర్జీలు రాసేవాళ్లున్నారు కదా?" అన్నాను.

"వద్దు బాబూ. ఈ బల్ల మీద రాసిన కాయితాన్ని ఎవులూ కాదనలేదు. నా కళ్లతో సూసేను."

నా జీవితంలో ఎవరైనా కోరి నాచేత రాయించుకోవడం అదే మొదలు. దాన్ని మామూలుగా రాస్తే ఏం గౌరవం? ఇత్తడి బుడ్డిలో సిరా పోశాను. అడుగున చిల్లు, సిరా దిమ్మలోంచి కారి కాగితం తడిసింది. నెమలీక చెక్కి రాస్తే మొదటి అక్షరమే చెరువైంది. దొరల పద్ధతిలో తడి పీల్చడానికి ఇసుక చల్లితే ఇసుకా సిరా కలిసి అడుసైంది. "మహారాజరాజశ్రీ" అనే మాట దాటకుండానే కాగితాలు అయిపోవచ్చాయి. పరదేశి గోడ మీది ఎండను చూస్తున్నాడు. ఎండ చూరు దాకా పోయింది.

వంటింట్లోంచి అమ్మ అంది: "ఒరే గణపతీ, నీ సొరుగులో పెన్ను లేదేటి? ఆడి కడుపు కొట్టకు."

సొరుగులోంచి ఫౌంటెన్ పెన్ను తీశాను. పరదేశి మొహం మాడిపోయింది.

"ఆ కలంతోనా బాబూ? బుడ్డిలో ముంచకుండా?"

ఏం చెయ్యను. సిరా అంతా కారిపోయి ఎండిన ఇత్తడి బుడ్డిలో ఫౌంటెన్ పెన్ను ముంచి, విదిలించి, ఒక వాక్యం రాశాను. మళ్లీ ముంచాను. ఆఖరి కాగితం మీద ఇన్నేళ్లు పనిచేశాడు, ఇప్పుడు పని లేదు, ఇప్పించండి అన్నంతవరకే పట్టింది. నేను రాసినవాటిలో అంత పొట్టిది మరొకటి లేదు. వెనక్కి తిరిగి రానిదీ మరొకటి లేదు. పరదేశి కాగితం పట్టుకుని పరిగెత్తాడు. అతను పరిగెత్తడం అదొక్కసారే చూశాను.

పని దొరికింది. పటకా, బిళ్ల పెట్టుకుని వచ్చి బల్లకు దండం పెట్టి వెళ్లాడు. నాకు కాదు.

కొన్నాళ్లకు అదే ఆఫీసులో నకళ్లు రాసే గుమాస్తా పని ఖాళీ అయింది. హేతువాదం మీద దొరికినవన్నీ చదివినవాణ్ణి. అయినా నా అర్జీని ఆ బల్ల దగ్గరే కూర్చుని, ఎండిన బుడ్డిలో పెన్ను ముంచుతూ రాశాను. ఎవరూ చూడటం లేదు కూడా.

ఆఫీసుకు వెళ్తే గుమ్మంలో పరదేశి. "సెప్పులక్కడ ఇప్పీయండి బాబూ. అయ్యగారు పనిలో ఉన్నారు." విప్పాను. చాలాసేపు నిలబడ్డాను. ఎప్పుడు కట్టుకున్నానో తెలీదు, చేతులు కట్టుకునే ఉన్నాయి. పరదేశి ఒకసారి నన్ను కిందికీ పైకీ చూసి, "అలగే బాబూ. గోడకి ఆనకండి" అన్నాడు మెచ్చుకోలుగా.

లోపల అయ్యగారు ఒకటే అడిగారు, స్కూలు ఫైనలు ప్యాసయ్యావా అని. బయటికి వచ్చేశాను.

పరదేశి నమ్మలేదు. "ఆ బల్ల మీదే రాసేరా?"

"దాని మీదే."

"బుడ్డిలో ముంచేరా?"

"ముంచాను."

బిళ్లను తువ్వాలుతో ఒకసారి తుడిచాడు. "ఏ పక్క మొగం ఎట్టి కూకున్నారు?"

పరదేశి రావడం మానేశాక, కిటికీ వెలుగులో ఇత్తడి మెరుస్తుందని నేను బల్లను పడమటికి తిప్పి పెట్టాను. ఆ సంగతి చెప్పాను. పరదేశి మనసు తేలికపడింది. తప్పు బల్లది కాదు.

"ఆదివారం వచ్చి తిప్పీసి ఎల్తాను" అన్నాడు.

అన్నట్టే బిళ్లతో సహా వచ్చాడు. ఇద్దరం చెరో కొసా పట్టి తిప్పాం. గడియారం పడి ముల్లు ఊడింది. పరదేశి తువ్వాలుతో తుడిచి, ఎర్రసిరా బుడ్డిని ఎడం పక్కకు జరిపి, గుమ్మం దగ్గరకు పోయి నిలబడ్డాడు. నేను కుర్చీలో కూర్చుని, సొరుగులోంచి కాగితం తీశాను.

అమ్మ తవ్వ కోసం వచ్చి, తూర్పుకు తిరిగిన బల్లను, నన్ను, పరదేశిని చూసింది.

"కుడితి ఎట్టమంటారేటి?" అంది.