మునగకొమ్మల దడి

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు చిక్కడపల్లి మార్కెట్లో తెలిసింది. ఒక చేతిలో కూరగాయల సంచి, ఒక చేతిలో ఫోను, ఎదురుగా గంపలో మునక్కాయల కట్టలు. ఆ వేళ ఇంకేమీ కనబడకూడదా నాకు? నిలబడిన చోటే ఏడ్చేశాను. గంప ముందు కూర్చున్నామె కంగారుపడిపోయి, "గింత దానికి ఏడుస్తరా అమ్మా! జర తగ్గిచ్చి ఇస్త తియ్యిరి" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఈ మాట పెద్దమ్మకు చెబితే ఎంత నవ్వేదో అనుకుని మళ్లీ ఏడ్చాను.

అయినా ముందే చెబుతున్నాను, ఇది ఏడుపు కథ కాదు. పెద్దమ్మ తన ఊళ్లో, తన ఇంట్లో, తన నులకమంచం మీద నిద్రలోనే వెళ్లిపోయింది. ఆ 'తన' అన్న మాట కోసం ఆమె ఎంత కొట్లాడిందో మాకు తెలుసు. అందుకే మాలో ఎవ్వరమూ ఆమెను పాపం అనం.

ఆమె నాకు చుట్టం కాదు. నేను ఉద్యోగ పరీక్షలకు చదివే రోజుల్లో అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మంచానికీ మంచానికీ మధ్య నిలబడి చీర కట్టుకునే చోటు కూడా లేని హాస్టల్. అక్కడ వంట చేసేది పెద్దమ్మ. అందరికీ పెద్దమ్మే. ఎవరైనా పుస్తకం ముందు పెట్టుకుని కంచంలో చెయ్యి కదపకపోతే పుస్తకం లాగేసేది. "ముందు తిను బిడ్డా, గా పుస్తకం యాడికి పోతది" అనేది. మార్కులు తక్కువొచ్చిన పిల్ల కంచంలో అడక్కుండానే గిన్నె అడుగున మాడి చెక్కకట్టిన పప్పు పడేది. అది ఆమె ఇచ్చే బహుమతి. ఆ మాడు రుచి కోసం తక్కువ మార్కులొచ్చాయని అబద్ధం చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

వెల్లుల్లి ఒలుస్తూ ఊరి సంగతులు చెప్పేది. అడవి అంచున ఊరు. బస్సు వాగు ఇవతలే ఆగిపోతుంది. వానలు పట్టాయంటే వాగు పొంగి ఊరు ఊరే లోకానికి దూరమవుతుంది. అక్కడ పెద్దమ్మకు ఒక పెంకుటిల్లు, ఇంటి చుట్టూ కొంచెం జాగ. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లు. "ఆ గోడల మట్టి నేను తొక్కిన బిడ్డా, నా కాళ్లతోని" అనేది. భర్త పోయాక బతకడానికి పట్నం వచ్చింది కానీ, ఆ ఇంటిని ఒక్కరోజు మరిచింది లేదు.

మరిచిపోనివ్వని మనిషి ఒకాయన ఉన్నాడు లెండి. ఆమె మరిది. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. తొలకరి తెచ్చే మిరుగం కార్తె వచ్చేలోపు ఎవరి జాగ చుట్టూ వాళ్లు కొత్తగా దడి కట్టుకోవాలి. దడి లేని జాగ పడావు పడ్డట్టే లెక్క, పాలోళ్ల, అంటే దాయాదుల, పశువులు వచ్చి మేయొచ్చు. ఒక వానకాలమంతా మేశాయంటే ఆ జాగ ఇక పాలోళ్లదే. పక్కింట్లోనే ఉండే మరిది, తన బర్రెలతో సహా ఆ అదను కోసమే కాచుకుని ఉండేవాడు. "ఆడమనిషికి జాగెందుకు? పట్నంల వండుకుంట బతుకుతలేదా?" అని రచ్చబండ దగ్గర అనేవాడట. ఈ కబుర్లన్నీ పెద్దమ్మకు ఫోన్లో మోసింది ఎవరనుకున్నారు? ఆయన సొంత కూతురే!

"పట్టా కాగితం ఉంది కదా పెద్దమ్మా, ఇంకేం భయం?" అన్నాను ఒకసారి, నా చదువంతా ఉపయోగించి.

"కాగితం ఉంది బిడ్డా. బర్రెకు సదువొస్తదా?" అంది.

అందుకే ఏటా మిరుగానికి ముందు సెలవు పెట్టి వెళ్లి, ఎండు కట్టెలు కొట్టి, తన చేత్తో దడి కట్టి వచ్చేది. ఆ ఏడు మాత్రం వంటింట్లో జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుతో మంచం మీద పడి ఉన్న మనిషి ఆ నొప్పి మాటే ఎత్తలేదు. "పాయె, నా ఇల్లు పాయె" అని గోడ వైపు తిరిగి పడుకుంది. మేం ఆమెను అలా చూసింది అప్పుడే.

సరిగ్గా అప్పుడే మా పరీక్ష వాయిదా పడింది. అశోక్‌నగర్ అంతా గోల గోల. మా గది పిల్లలం మాత్రం సంచులు సర్దుకుని, పెద్దమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా, ఆమె ఊరి బస్సెక్కాం.

వాగు దాటి వెళ్లేసరికి మరిది ఎదురొచ్చాడు. ఎంత మర్యాదో! మంచినీళ్లిచ్చాడు. మొన్నటి గాలివానకు విరిగిపడ్డ మునగకొమ్మలు వాళ్ల పెరట్లో గుట్టగా ఉంటే, "అడివిల ఏం తిరుగుతరు బిడ్డా, గివి తీస్కోండ్రి" అని ముసిముసిగా నవ్వాడు. మేం పొంగిపోయాం. కట్టె ఏదైతే ఏమిటి అనుకుని ఆ పచ్చి కొమ్మలే వరసగా పాతి, అడ్డకట్టెలు పెట్టి, తీగలతో బిగించి, చేతులు బొబ్బలెక్కాక దర్జాగా తిరిగొచ్చాం.

పెద్దమ్మ సంగతంతా విని నెత్తి కొట్టుకుంది. "ఓ పిచ్చి పోరిలారా, మునగకట్టెతోని దడి కడ్తరానే? అది పొయ్యిల కూడ సక్కగ మండదు. గాలికి విరిగిపడ్డ కొమ్మ నాటుకుంటదా, రెండు వానలకు మురుగుతది!" మరిది ముసిముసి నవ్వు అప్పుడు అర్థమైంది మాకు. ఒళ్లు మండిపోయింది.

వానలు పడ్డాయి. కొన్నాళ్లకు మరిది కూతురి దగ్గర్నుంచి పెద్దమ్మ ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. చూసి ఆమె కుంటుకుంటూ మా గదికి పరుగెత్తుకొచ్చింది. పాతిన ప్రతి కొమ్మకూ పచ్చని చిగుళ్లు! ఆ రాత్రి హాస్టల్లో పాయసం. పక్క గదుల పిల్లలు ఎవరికి ఉద్యోగమొచ్చిందని అడిగారు.

మరుసటి ఏడు మిరుగానికి అవి మనిషిని మించి పెరిగాయి. పెద్దమ్మ ఆ ఏడు దడి కట్టలేదు. మరిది పెద్దమనుషులను కూచోబెట్టాడు. నేను కూడా వెళ్లాను, ఆ ముచ్చట చూడకపోతే ఎట్లా? "ఈయేడు మా వదినె దడి కట్టలే. మీరే అడుగుండ్రి" అన్నాడాయన. పెద్దమ్మ కొంగు దోపుకుని లేచింది. "నిజమే, కట్టలే. దానంతట అదే లేస్తుంటె నేనేం కట్టాలె? ఆ కొమ్మలు ఇచ్చిన పుణ్యాత్ముడు మా మరిదే, ఆయన్నే అడుగుండ్రి" అంది. పెద్దమనుషులు తువ్వాళ్లు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆమె జాగ జోలికి ఎవరూ రాలేదు.

చివరికి పెద్దమ్మ వంట మానేసి తన ఊరికి వెళ్లిపోయింది. అప్పటికి మరిది కూతురు, వలసపోయిన మొగుడు తిరిగి రాక, చంటిబిడ్డతో పుట్టింటికి చేరింది. ఇంత చోటివ్వమని అడిగితే తండ్రి ఆమెతోనూ అదే మాట అన్నాడు: "ఆడిపిల్లకు జాగెందుకు?" ఆ మాట దడి ఇవతలికి వినబడిందట. పెద్దమ్మ వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తర్వాత ఇల్లూ జాగా ఆ పిల్ల పేరునే రాయించింది. "కూతురు లేదనుకున్న, దడి అవతలనే ఉన్నదే" అని ఫోన్లో నాతో అంది. ఆ గొంతులో సంతోషం నాకింకా వినిపిస్తోంది.

దినాలకు అప్పటి మా గది పిల్లలమంతా వెళ్లాం. దడి నిండా కాయలు వేలాడుతున్నాయి. ఆ పిల్ల మునక్కాయ పులుసు చేసి పెట్టింది. పెద్దమ్మ చెయ్యి పడినట్టే ఉంది. మాలో ఒకతి తింటూ తింటూ కళ్లు తుడుచుకుంది.

పొద్దు వాలుతుండగా మరిది వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. బర్రెలను తన కొట్టానికి తోలి, ఈ ఇంటి ముందుకొచ్చి, తడిక తలుపు బయటే నిలబడ్డాడు. నెట్టుకుని రాలేదు.

"బిడ్డా, జర తడిక తియ్యవా?"

"ఆగు నాయినా, చేతుల పనుంది. వస్తున్న" అంది కూతురు లోపలినుంచి.

ఆయన కర్ర ఆనించుకుని, తానిచ్చిన మునగల కిందే ఆగాడు. తలపాగా మీద తెల్లటి పూలు రాలుతున్నాయి.