పెట్టె మీద మూడక్షరాలు

నిన్న విశాఖలో విమానం దిగి విజయనగరం ఇంటికొచ్చాక, పెట్టె పిడికి అంటించిన కాగితప్పట్టీ చింపుతుంటే దాని జిగురు వాసన తగిలి మా అమ్మమ్మగారి హాల్లోకి వెళ్ళిపోయాను. పట్టీ మీద వి టి జెడ్ అని ఉంది. విమానం వాలే ప్రతి ఊరికీ ఇలా ఓ మూడక్షరాల ముద్దుపేరుంటుంది. ఊరు పేరు మార్చుకున్నా అది మారదు, బొంబాయి ముంబై అయి ఇన్నేళ్ళయినా పెట్టెల మీద ఇంకా బి ఓ ఎమ్మే. నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది బళ్ళో కాదు, మా చినమావ పెట్టె మీద.

శ్రీకూర్మం దగ్గర అమ్మమ్మగారి వీధిలో అప్పట్లో ఇంటికొకడు గల్ఫులో ఉండేవాడు. జీడిపళ్ళు మాగే ఎండాకాలంలో చినమావ దుబాయి నుంచి వచ్చి పెట్టె తెరిచాడంటే, సబ్బులూ సెంట్లూ ఖర్జూరాలూ నొప్పుల మందూ కలగలిసిన వాసన లేచి, సరిహద్దు దాటి ఒడిశా వాళ్ళకి కూడా తుమ్ములు తెప్పించేదని ఇప్పటికీ నా నమ్మకం. ఖాళీ పెట్టెని హాల్లో దేవుడి పటాల కింద నిలబెట్టేవారు, మేం పొద్దున్నే దేవుళ్ళతోపాటు దానికీ దండం పెట్టేవాళ్ళం. దాని పిడికి డి ఎక్స్ బి అన్న పట్టీ, ఆ పట్టీకి దుమ్ము పడకుండా అమ్మమ్మ తొడిగిన ప్లాస్టిక్ సంచీ. వీధిలో ఏ ఇంట్లోనూ పట్టీలు తీసేవారు కాదు.

"ఆ సీటీ పీకీసినావంటే ఇది ఫారిన్ పెట్టని ఎవులు నమ్ముతార్రా?" అనేది అమ్మమ్మ.

తర్వాత చినమావ దుబాయి పని మానేసి మస్కట్‌లో చేరాడు, అదే పెట్టెతో, అదే పట్టీతో. మా పిన్ని పెళ్ళికి వస్తూ నెమలికంఠం రంగు జపాన్ చీర తెస్తానని కబురు పెట్టాడు. ఆ చీరలోనే ఊరేగింపుకి కూచుంటానని పిన్ని వీధంతా చెప్పుకుంది. పెళ్ళికొడుకు గురించి అందులో సగం కూడా చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

పెళ్ళి ముందురోజు మావ చేతులూపుకుంటూ దిగాడు. మస్కట్‌లో ఎవరో కొత్త పట్టీ వదిలేసి పాత పట్టీ చూసి, పెట్టెని దుబాయి విమానం ఎక్కించేశారట.

"పెట్టేదిరా?" అంది అమ్మమ్మ.

"దుబాయెల్లిపోనాదమ్మా."

"నువ్వు నేకుండా దానికక్కడేటి పని?"

పిన్ని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అన్నానికి రాలేదు, గోరింటాకు పెట్టించుకోడానికీ రాలేదు. పందిట్లో సన్నాయి వాళ్ళు కూడా ఏం వాయించాలో తోచక బీడీలు కాల్చుకుంటూ కూచున్నారు.

సాయంత్రం ఎదురింటి పైడమ్మత్త వచ్చింది. ఆవిడ భర్త కువైట్‌లో ఉండేవాడు. ఆయన కిందటిసారి తెచ్చిన చీర, మళ్ళీ ఆయనొచ్చినప్పుడే కట్టాలని ట్రంకుపెట్టె అడుగున మడత విప్పకుండా దాచుకున్నది, ఇప్పుడు చేతిలో ఉంది. కలరా ఉండల వాసన ఆవిడకంటే ముందే ఇల్లు చేరింది.

"ఒసే, తలుపు తియ్యవే. మా ఆయనొచ్చీసరికి దీని రంగెల్లిపోతాది. నువ్వు కట్టీ."

తలుపు తెరుచుకుంది. నెమలికంఠం కాదది, పండుమిరప ఎరుపు. మర్నాడు ఆ ఎరుపుకి ఊరేగింపు బండి ఎద్దులు బెదిరి వీధి చివరి దాకా ఆగకుండా పరిగెత్తాయి. పిన్ని నవ్వుతూనే ఉంది.

దుబాయి చూసుకుని పెట్టె పెళ్ళయిన చాన్నాళ్ళకి ఇల్లు చేరింది. అత్తారింటి నుంచి వచ్చిన పిన్ని, నెమలికంఠం చీరని మడత కూడా విప్పకుండా ఎదురింటికి పట్టుకెళ్ళి, "మీ ఆయనొచ్చినప్పుడు కట్టు వదినా" అని పైడమ్మత్త ఒళ్ళో పెట్టింది.

ఇప్పుడా వీధిలో పెట్టె తెరిస్తే చుట్టూ చేరేవాళ్ళు లేరు. సబ్బులూ సెంట్లూ ఫోన్లో నొక్కితే గుమ్మానికే వస్తున్నాయి, పెళ్ళి చీరలు విజయనగరంలో అద్దెకి దొరుకుతున్నాయి. పైడమ్మత్త లేదు. మొన్న పిన్నిని ఆ ఎర్ర చీర ఏమైందని అడిగాను.

"బీరువాలోనే ఉన్నాది. నా సీర నాకే వచ్చుంటే, ఈపాటికి పాతబట్టల గిన్నెలోడికి ఏసీసుందును" అంది.