సీజర్ మెడమీది ముడతలు

2009 ఎండాకాలం. కోరుట్లలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో విగ్రహాలు చేసేవాణ్ణి. గల్ఫ్‌లో పోయినవాళ్ల విగ్రహాలే ఎక్కువ. ముందు మట్టితో ముఖం చేసి ఇంటివాళ్లకు చూపిస్తాం. దాన్ని క్లే మోడల్ అంటాం. అది కుదిరాకే మోల్డ్, అంటే అచ్చు తీసి ఫైబర్ పోస్తాం. కుదిరిందా లేదా అని నేనెప్పుడూ అడగలేదు. తడిగుడ్డ తీయగానే ఆడవాళ్లు రాగం తీసి ఏడిస్తే కుదిరినట్టే.

సిరిసిల్ల నుంచి రజిత వచ్చింది, చంకలో మూడేళ్ల బిడ్డతో. అక్కడ సాంచాలనే మరమగ్గాలు బందై, ఆమె భర్త రాజేశం దుబాయి పోయాడు. అప్పటికి బిడ్డ కడుపులోనే ఉంది. ఆయన అక్కడే చనిపోయాడు. శవం కూడా రాలేదు.

"పోరి దాని బాపు మొఖమే సూడలేదన్నా. గిండ్లనన్న సూసుకోవాలె" అంటూ పాస్‌పోర్ట్ ఫోటో ఇచ్చింది.

అప్పట్లో నాకు పొగరెక్కువ. ఎవరు పోయినా బుగ్గలు నింపి, ఒత్తుగా జుట్టు పెట్టి, పెళ్లికొడుకును చేసేవాణ్ణి. జనం మురిసిపోయేవారు. పదిహేను రోజులకు ఆమెను పిలిచి గుడ్డ తీశాను. రజిత ఏడవలేదు.

"మంచిగనే ఉన్నడన్నా. కని గీయన ఎవరో నాకెర్కలే."

నాకు ఒళ్లు మండింది. "ఫోటోల గిట్లనే ఉన్నడు గద చెల్లె!"

"అది స్టూడియోల కోటేసుకోని దిగింది. మా ఆయనకు బుగ్గలెక్కడియి? సాంచాల కాడ నిలవడి నిలవడి పీక్కపోయినయ్. ముందట ఎంటికలు గూడ లేవు. గీ పోరికి పరాయోన్ని సూపియ్యాల్నా?"

సిగ్గుతో తల వాలిపోయింది. హైదరాబాద్‌లో పని నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. మా సార్ దగ్గర జూలియస్ సీజర్ తలకు ప్లాస్టర్ నకలు ఉండేది. రోమ్‌ను ఏలిన మనిషి. బట్టతల, లోతు బుగ్గలు, మెడమీద ముడతలు! "గింత పెద్దమనిషిని గిట్ల చేసిండ్రేంది సార్?" అని నవ్వాను.

"గట్ల చేసిండ్రు కాబట్టే రెండువేల ఏండ్లకు గూడ మనకు గుర్తువడుతున్నడు. ఆయన మీద ఆ దేశాలల్ల ఇప్పటికీ పాటల నాటకాలు ఆడుతరు. పాటల ఎంతన్న గొప్పగ పాడుకోనీ. మన చెయ్యి మాత్రం అబద్ధమాడొద్దు" అన్నారు.

ఆ మాట నేనెప్పుడో మరిచిపోయాను.

రజితను పీట వేసి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె చెబుతుంటే జుట్టు తీసేశాను, కళ్లకింద గీతలు దించాను. బుగ్గ దగ్గర నా చెయ్యి ఆగింది. ఎంత లోతో తెలియదు. "జరుగన్నా" అని ఆమే బొటనవేలితో మట్టిని నొక్కింది. ఒక్కసారే నొక్కింది. కొలత ఆ వేలికి తెలుసు.

ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్టే అయింది.

అప్పుడు రజిత రాగం తీసింది. సాంచాల చప్పుడు, పెళ్లినాటి ముచ్చట, ఆయన ఎక్కిన బస్సు, అన్నీ ఆ ఏడుపులోకి వచ్చాయి. అది ఎవరో రాసిన పాట కాదు. రోమ్ ఏలికకు దక్కిన ముఖం, పాట, రెండూ నా రేకుల షెడ్డులో ఒక సాంచాల కార్మికుడికి దక్కాయి.

బిడ్డ తల్లి ఒడిలోంచి లేచి, ఆ బుగ్గ గుంటలో తన వేలు పెట్టి చూసింది.

"అవ్వా, బాపునా?" అని తల్లిని అడిగింది.

ఆ తర్వాత నేను ఎవరి బుగ్గలూ నింపలేదు.