జానకమ్మ కాపలా కాసిన జాగ

అబిడ్స్‌లో రోడ్డు దాటే ముందు విద్యావతి తన పక్కన నిలబడ్డవాళ్లను లెక్కపెడుతుంది. వాళ్లెవరో తెలియదు, ఎటు పోతారో తెలియదు. దాటాక వెనక్కి తిరిగి మళ్లీ లెక్కపెడుతుంది. సరిపోతే గానీ అడుగు ముందుకు పడదు.

పద్దెనిమిదేళ్లుగా ఆమె యాత్రా బస్సులకు మేనేజరు. నాంపల్లిలో బయలుదేరితే పన్నెండు రోజులకు తిరిగి వస్తుంది. బస్సులో ఆమె కూర్చోవడం తక్కువ. ఒకరికి చలి, ఒకరికి ఉక్క. సామాన్ల అరకు ఆరేసిన తడి చీర కింద కూర్చున్నవాళ్ల ముఖానికి తగులుతుంది, దానికో గొడవ. అన్నిటికన్నా పెద్ద పేచీ ముందు సీట్లది. అందుకే రోజూ పొద్దున ముందు రెండు వరుసలవాళ్లు వెనక్కి పోవాలి, మిగతావాళ్లు ముందుకు జరగాలి. ఆ నియమం విద్యావతి పెట్టిందే.

మూడేళ్ల కిందట కంచిలో అదే ఆమెను ముంచింది. సీట్లు మారిన హడావిడిలో పక్కన ఎవరుండాలో ఎవరికీ గుర్తులేదు. రోజూ డ్రైవరు పక్కన కూర్చునే, యాత్రికుల లెక్కలోకి రాని వంటమనిషి రాజమల్లు, ఆ రోజు జ్వరంతో, ఖాళీగా కనిపించిన సీట్లో దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. విద్యావతి తలలు లెక్కపెట్టింది. నలభై రెండు. సరిపోయింది.

"పోనియ్ మల్లేషన్నా," అంది డ్రైవరుతో.

గంట తర్వాత దారిలో ఆగి పులిహోర పంచుతూ ఆ ముసుగు తీసింది. రాజమల్లు కళ్లు తెరిచాడు.

"నాకొద్దక్కా, జరమున్నది."

ఆ సీటు జానకమ్మది. సుల్తాన్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే డెబ్బై ఏళ్ల మనిషి, ఒంటరిగా వచ్చింది. ఆమె సంచి పైన అరలో ఉంది. ఫోను ఆ సంచిలోనే ఉంది.

"బస్సు తిప్పు మల్లేషన్నా!"

"తిప్పితే మా దర్శనం గంగల కలుస్తది," అన్నారు వెనక నుంచి.

"లెక్క రాని మేనేజరమ్మను పంపిన్రు మనకు!" అన్నారింకొకరు. ఒకరిద్దరు నవ్వారు.

విద్యావతి డ్రైవరు వైపు తిరిగింది. "వీళ్లను నువ్వు తీస్కపో. నేనెన్కకు పోత," అని జానకమ్మ సంచి పట్టుకుని దిగిపోయింది.

దొరికిన బస్సెక్కింది. సీటున్నా కూర్చోలేదు. దారిలో ముసలావిడ ఎవరు కనిపించినా వంగి చూసింది. భాష రాని ఊళ్లో జానకమ్మ ఎవరిని ఏమని అడుగుతుంది? ఏ బస్సో ఎక్కేసి ఉంటే?

కంచిలో తమ బస్సు ఆగిన పార్కింగ్ మలుపులోనే గొంతు వినిపించింది. రెండు బస్సుల మధ్య ఖాళీలో జానకమ్మ నేల మీద దస్తీ రుమాలు పరిచి, దాని మీద రాయి పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. ఎదురుగా ఒక బస్సు డ్రైవరు ఆగకుండా హారన్ కొడుతున్నాడు.

"కొట్టు, ఎంతసేపు కొడ్తవో కొట్టు! గిది మా బస్సు జాగ. దస్తీ ఏసిన, కండ్లు కనవడ్తలేవా?"

అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సు కిటికీలోంచి దస్తీ వేస్తే ఆ సీటు మనదే. ఆ సంగతి కంచి డ్రైవరుకేం తెలుసు!

విద్యావతి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

"ఏంది బిడ్డా, గిట్లేడుస్తవ్? పూలకని పోయొచ్చేసరికి బస్సు లేకపాయె. నువ్వొస్తవని ఎర్కనే. ఈ జాగ పోతే నన్నేడ దేవులాడుతవని నిలవడ్డ. కాళ్లు గుంజుతున్నయ్, జర చాయ్ తాపియ్."

ఇప్పుడు బస్సులో విద్యావతి తలలు లెక్కపెట్టదు. పేరు పేరునా పిలుస్తుంది, పేరు విన్నవాళ్లు చెయ్యెత్తి "ఔ" అనాలి. ముసుగుంటే తీసి చూస్తుంది. వచ్చే మంగళవారం నాంపల్లి నుంచి మళ్లీ బయలుదేరుతుంది. ఈసారి పిలవాల్సిన పేర్లు ముప్పై తొమ్మిది, రాజమల్లుతో కలిపి నలభై.