సుంకమ్మకు చెప్పని గడ్డ

నా భార్య సుంకమ్మ పక్కన కూర్చుని అన్నం తినలేను. ఏళ్లుగా అంతే. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. వాన పడితేనే సేద్యం. ఒక ఏడు సుంకమ్మకు నడుము పక్కన నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోతుంటే అనంతపురం తీసుకుపోయి స్కానింగ్ తీయించాను. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు.

"కిడ్నీలో చిన్న రాయి ఉంది, దానంతట అదే పడిపోతుంది. కానీ కిడ్నీ పైన ఉండే గ్రంథి మీద ఒక గడ్డ కనబడింది. క్యాన్సర్‌లా లేదు. అయితే అది హార్మోన్ ఎక్కువగా వదులుతుంటే ముందుముందు బీపీ, షుగర్ వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. రక్తపరీక్షలు చేయించాలి, వచ్చే వారం తీసుకురండి."

తలూపాను. బస్సెక్కాక ఆమె అడిగింది.

"డాక్టరేమన్నాడు?"

"రాయేనంట. నీళ్లు బాగా తాగమన్నాడు."

"అంతేనా? అంతసేపు లోపలుండావే?"

"అంతే. ఇంకేముంటాది?"

ఆ వారమే వాన పడింది. శనక్కాయ విత్తే అదును. ఆమె చెయ్యి లేకుంటే పని సాగదు. విత్తడం అయ్యాక పోదామనుకున్నాను. తర్వాత కలుపు. తర్వాత పంట ఎండిపోయి మనసు విరిగింది. నిజంగా పనులేనా అడ్డం? కాదు. గడ్డ అన్న మాటకే నాకు వణుకు. దాని మాట ఎత్తకపోతే అది లేనట్టే అని ఒక మొండి ఆశ. ఏడాది గడిచాక ఇంకో భయం పట్టుకుంది: ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లు ఎందుకు దాచినావని అడుగుతుంది కదా?

ఆమె ఒళ్లు మారుతూ వచ్చింది. పొట్ట దగ్గర లావెక్కింది. బీపీ వచ్చింది, షుగర్ వచ్చింది. "తిని తిని ఇట్లయినాది" అని మా అమ్మ నలుగురి ముందూ అనేది. సుంకమ్మ సిగ్గుపడి పగలు సంగటి సగానికి తగ్గించింది, రాత్రి పూట మానేసింది. అయినా ఒళ్లు తగ్గలేదు. ఒకరోజు నన్నే అడిగింది: "నేను నిజంగా అంత తింటాండానా?"

అప్పుడైనా చెప్పాల్సింది. "కొంచెం తగ్గించు" అన్నాను.

గడ్డ సంగతి దాచింది భయంతో. మరి ఈ మాట? దీన్ని ఏమనాలి?

పోయిన ఎండాకాలం బిందె ఎత్తబోయి కూలబడింది. వెన్నుపూస విరిగింది. ఈ వయసులో ఎముకలు ఇంత గుల్లగా ఉండకూడదని ఆసుపత్రిలో ఈసారి చూసిన డాక్టరమ్మ మళ్లీ స్కానింగ్ తీయించింది. అదే గడ్డ. కార్టిసాల్ అనే హార్మోన్‌ను అది అవసరానికి మించి వదులుతోందని, బహుశా ఏళ్లుగా ఇలాగే జరుగుతుండవచ్చని చెప్పింది.

"ఇంతకుముందు ఎప్పుడైనా స్కానింగ్ తీశారా?"

"తీసినారమ్మా. రాయి తప్ప ఏమీ లేదన్నారు" అంది సుంకమ్మ, అవునా అన్నట్టు నా వైపు చూసి.

అవునన్నాను.

ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని తీసేశారు. బీపీ మాత్రలు తగ్గాయి. షుగర్ పోలేదు. వంగిన నడుము వంగినట్టే ఉంది. ముందే తీసి ఉంటే ఇంత అయ్యేదా? డాక్టరమ్మను అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. చూడవచ్చినవాళ్లందరికీ సుంకమ్మ ఒకటే చెబుతుంది: "మా ఇంటాయన దబ్బున తీస్కపోయినాడు కాబట్టి బతికినా." నేను పని ఉన్నట్టు లేచి బయటికి పోతాను.

ఆమెకు చెబుతానా? తెలియదు. చెబితే ఏమంటుందోనన్న భయం అప్పటిలాగే ఉంది. నాకు తెలుసు, తెలిసీ చెప్పలేదు. ఈ రెండు మాటలు బయట పెట్టడంతో ఛాతీ మీద బరువు కాస్త జరిగింది. పోలేదు, జరిగింది.

"ఏమప్పా, యాడుండావు? వచ్చి కొంచెం లేపు."

పిలుస్తోంది. పోవాలి.