రెక్కలు చాపిన ఎలీయాజరు మాస్టారు

ఎలీయాజరు మాస్టారిది ఒకటే జబ్బు. పక్షి ఏ భంగిమలో కనిపించినా, తానూ అలా నిలబడి చూస్తేగాని దాని కారణం ఆయనకు బోధపడదు.

ఓసారి లెక్కల క్లాసులో అరగంట ఒంటికాలి మీద నిలబడ్డారు. పక్క గదిలో తెలుగు చెప్పే దత్తాత్రేయులు తొంగిచూసి, "శిక్ష పిల్లలకి వెయ్యాలిగానీ మీకు మీరే వేసుకుంటే ఎలాగండీ?" అన్నాడు.

"శిక్ష కాదండీ. కొంగ రెండో కాలు పొట్టకింద వెచ్చగా దాచుకుంటుంది. పట్టుకు చూడండి, నా పాదమెంత వెచ్చగా ఉందో!"

ఇంకోసారి పడవమీంచి కొల్లేట్లోకి జారిపడి, పైకొచ్చాక నీటికాకిలా చేతులు చాపి గట్టున నిలబడ్డారు.

"అది ఇలాగే ఈకలు ఆరబెట్టుకుంటుందే" అన్నారు భార్యతో.

"మీకు ఈకలెక్కడున్నాయండీ? ముందా చొక్కా విప్పండి!" అంది కనకమ్మ.

ఈ కబుర్లు ఏలూరు దాకా మోసి నలుగురినీ నవ్వించినవాడు దత్తాత్రేయులే.

1935 వేసవిలో బడికి హెడ్మాస్టరు కావలసివచ్చింది. వరస ఎలీయాజరు గారిదే. ఒక మిట్టమధ్యాహ్నం దత్తాత్రేయులు ఆ పదవి ఎవరికో తేల్చే బోర్డు మెంబరుగారితో పడవలో పోతున్నాడు. చెట్టన్నది లేని ఒక రేవులో, చేపల గంపల వెనక, ఎలీయాజరు గారు రెండు చేతులా ఉత్తరీయం చాపి ఎండలో నిలబడి ఉన్నారు.

"మాస్టారూ! ఇవాళ ఏ పక్షండీ?" అని కేకేశాడు దత్తాత్రేయులు.

ఆయన అరవొద్దన్నట్టు తల ఊపారు.

"ఈయనకి మతి సరిగ్గా ఉందాండీ?" అన్నాడు మెంబరు.

"కొంచెం తిక్క లెండి."

పడవలో అందరూ నవ్వారు. దత్తాత్రేయులుకి హుషారుగానే ఉంది. పది రోజులకి హెడ్మాస్టరు ఆర్డరు అతని పేరనే వచ్చింది.

దసరా ముందు వెంకటనరసమ్మ అనే చేపలమ్మే మనిషి చంకన బిడ్డతో బడికొచ్చి, దత్తాత్రేయులు గదిలోకి తొంగిచూసింది.

"కొంగ మాస్టారు ఉన్నారాండీ? మొన్న వేసవిలో పచ్చి బాలింతనండీ, ఎండకి సోషొచ్చి రేవులో పడిపోయాను. మా ఆయన బండి తెచ్చేదాకా మా ఇద్దరికీ గుడ్డ చాపి నీడపట్టారండీ. లేకపోతే ఈ పిల్ల దక్కేది కాదు."

ఆ సాయంత్రమే దత్తాత్రేయులు ఆయన ఇంటికి వెళ్లాడు.

"ఆవేళే చెప్పొచ్చు కదండీ?"

"అప్పుడే పిల్లకి కన్నంటుకుందండీ. అరిస్తే లేవదూ? గూటి మీద కొంగ కూడా అంతే, రెక్కలు చాపి పిల్లలకి నీడపడుతుంది గాని అరవదు."

"తర్వాతైనా చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండీ."

నిజమే. నవ్వాడే గాని అడగలేదు. దత్తాత్రేయులు తలెత్తలేకపోయాడు.

"మీ కుర్చీ నేను లాక్కున్నానండీ."

"పోనిద్దురూ!" అన్నారు ఎలీయాజరు గారు. "కుర్చీలో కూర్చున్న పక్షిని మీరెక్కడైనా చూశారా?"