అక్క చేను, బాపు నీళ్ళు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదని నా నమ్మకం. వచ్చిన విద్య ఒక్కటీ లేదని తొమ్మిదో తరగతిలోనే బడి తేల్చేసింది. బడి మానేసి బోధన్ దగ్గర మా ఊళ్ళో బలాదూరుగా తిరుగుతున్న నాకు, నిజామాబాద్‌కు డిగ్రీ పరీక్షలు రాయడానికి పోతూ అక్క తన పాత ఫోన్ అప్పగించింది. అందులో ఒక ఆట. లోకమంతా నలుచదరపు దిమ్మెలే; చెట్టూ, కొండా, ఆఖరికి కోడి కూడా ఇటుకలు పేర్చినట్టే ఉంటుంది. ఆ లోకంలో అక్క నెలల తరబడి కష్టపడి ఇల్లు కట్టి, గోధుమ చేను వేసింది. "తమ్మీ, పది దినాలు. పంట పండినంక కొయ్యి, మళ్ళ విత్తు. గంతే. గిది గూడ ఖరాబ్ చేసినవనుకో, ఇగ నీకు ఏ పనీ రాదని ఊరంత చెప్త" అంది. (చెప్పే పని లేదు, ఊరికి ముందే తెలుసు.)

మొదటి రోజు గొడ్డలి లేదని ఒక చెట్టు ముందు చాలాసేపు దిగాలుగా నిలబడ్డాను. ఆ లోకంలో ఉత్త చేత్తో గుద్దితే మాను విరుగుతుందని ఎవడనుకుంటాడు? రెండో రోజు ఆకుపచ్చ మనిషి ఒకడు చప్పుడు లేకుండా వచ్చి అక్క కట్టిన ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతుల్లేవు. పాపం, తలుపు కొట్టలేకపోతున్నాడని నేనే తెరిచి "రా అన్నా, కూసో" అన్నాను. వచ్చాడు. బుస్సుమన్నాడు. పేలిపోయాడు. ముందు గోడ కూడా అతని వెంటే పోయింది. గోడ మళ్ళీ ఎట్లాగో కట్టాను (కిటికీ ఒకటి ఎక్కువైంది). ఇక చేనైనా దక్కితే చాలు, అక్క ముందు తల ఎత్తొచ్చు అనుకుంటుండగా, వెనక బాపు.

బాపు మా ఊరి నీరటి. నిజాంసాగర్ కాలువ నీళ్ళు ఎవరి మడికి ఎప్పుడు పారాలో చూసే పని. నేను బడి మానేసిన నాటి నుంచి నాతో "తిన్నవా" తప్ప మరో మాట లేదు. అట్లాంటి మనిషి అద్దాలు సవరించుకుని నా పక్కనే కూర్చున్నాడు.

"గిదెవ్వరి చేనురా?"

"అక్కది బాపూ."

"నడుమ గింత గుంతల నీళ్ళు పోస్తే చేనంత ఎట్ల తడుస్తది? సదువుకున్నోళ్ళ ఎవుసం గిట్లనే ఉంటది. నీళ్ళేడున్నయ్?"

పక్కనున్న చెరువులో బకెట్ ముంచి చూపించాను. చెరువు తగ్గలేదు. మళ్ళీ ముంచాను. తగ్గలేదు. బాపు కళ్ళు పెద్దవయ్యాయి. "ఎంత తోడినా తరుగుతలేదారా? ఇంక సూస్తవేంది, ఇడువు!"

విడిచాను. బకెట్ మీద బకెట్. నీళ్ళు చేనంతా పరుచుకున్నాయి. "ఆఖరి మడి దాక పోయినయ్ రా!" అని బాపు తొడ చరిచాడు. (మా కాలువ కింద ఆఖరి మడికి కొట్లాట లేకుండా నీళ్ళు చేరడం ఆయన ఎన్నడూ చూడలేదు.) ఆ సంబరంలో, నీళ్ళమీద గోధుమ మొక్కలు, విత్తులు తేలిపోతున్నాయని ఇద్దరం ఆలస్యంగా గమనించాం. ఆ లోకంలో పారే నీరు పైరును పెకిలిస్తుందట. అక్క తవ్విన చిన్న గుంతే చేనంతటికీ తడి ఇస్తుందట.

పదో నాడు అక్క వచ్చి ఫోన్ చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఎవడురా గిది చేసింది?" నేను నోరు తెరిచేలోపే, కాలువ తెంపినోళ్ళను ఇన్నేళ్ళూ వెంటబడి పట్టించిన బాపు గొంతు సవరించుకున్నాడు. "గండి కొట్టింది నేనే బిడ్డా. వాడు బకెట్ మోసిండు, గంతే."

అక్కకు నవ్వాగలేదు. "మరి ఇత్తులన్న ఏరిండ్రా?" అంటే, "ఒక్క గింజ పోనియ్యలే" అన్నాడు బాపు, నా వీపు మీద చెయ్యి వేసి.

ఇప్పుడు మా చెరుకు తోటకు ఫోన్ మీదనే మోటారు వేస్తున్నాను. బటన్ నొక్కబోతే, పైరు తేలిపోతుందేమోనని ఇప్పటికీ వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆగిన ఆ వేలికి పక్కనుంచి బాపు గొంతే వినబడుతుంది: "ఇంక సూస్తవేంది, ఇడువు!"